కంపెనీ మాట, సంఘం మాట: వాతావరణ చర్చలో ద్విభాషీల కథ



పుదుచ్చేరి పట్టణానికి వెళ్లినవారు రంగపిళ్ళై వీధి పేరు వినే ఉంటారు. ఆ వీధికి పేరునిచ్చిన ఆనందరంగ పిళ్ళై (1709–1761) ఫ్రెంచి గవర్నరు డూప్లే కాలంలో అక్కడ ప్రధాన దుబాసీగా పనిచేశాడు. 1736 నుంచి 1761 వరకు ఆయన తమిళంలో రాసుకున్న దినచర్య పద్దెనిమిదో శతాబ్దపు దక్షిణ భారత చరిత్రకు విలువైన ఆధారం. తెలుగువారికి ఆయనతో మరో అనుబంధం కూడా ఉంది. కస్తూరి రంగకవి అనే తెలుగు కవి తన ఛందోగ్రంథానికి ఆయన పేరే పెట్టి 'ఆనందరంగరాట్ఛందము' అన్నాడు.

దుబాసీ అనే మాట 'ద్విభాషి' నుంచి వచ్చింది. రెండు భాషలు తెలిసినవాడని అర్థం. గవర్నరుకు స్థానిక వర్తకుల భాష రాదు, వర్తకులకు గవర్నరు భాష రాదు. మధ్యలో నిలబడి ఒకరి మాట మరొకరికి చేరవేసేవాడు దుబాసీ. అతడు అనువాదకుడు మాత్రమే కాదు. ఎవరి విన్నపం ముందు వినిపించాలి, ఏ మాట గట్టిగా చెప్పాలి, ఏ మాట మెత్తగా చెప్పాలి అన్నది చాలావరకు అతని చేతుల్లోనే ఉండేది. అందుకే దుబాసీకి అంత పలుకుబడి.

నేటి పెద్ద కంపెనీలకు కూడా ఇలాంటి దుబాసీలు ఉన్నారు. వారు వ్యక్తులు కారు, సంస్థలు. వాటిని వాణిజ్య సంఘాలనీ, పారిశ్రామిక సమాఖ్యలనీ, ఛాంబర్ ఆఫ్ కామర్స్ అనీ పిలుస్తాం. ప్రభుత్వం ముందు ఇవి కంపెనీల తరఫున వకాల్తా పుచ్చుకుని మాట్లాడతాయి. వాతావరణ మార్పు విషయంలో ఈ మాటలు ఏమిటి? కంపెనీ స్వయంగా చెప్పే మాటకూ, దాని సంఘం చెప్పే మాటకూ పొంతన ఉందా? లేకపోతే ఎవరు సరిచూడాలి? ఈ ప్రశ్నల చరిత్రే నేటి మన పాఠం.

సంఘం ఎందుకు పుడుతుంది?

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. సంఘంగా ఏర్పడటం తప్పు కాదు. పుదుచ్చేరిలో ఫ్రెంచి పాలన కాలంలోనే, 1849లో, వర్తకుల ఛాంబర్ ఏర్పడింది. మద్రాసులో తెలుగు వర్తకుల కోసం 1928లో ఆంధ్ర ఛాంబర్ ఆఫ్ కామర్స్ వెలిసింది. హైదరాబాదులో నేడు ఎఫ్‌టీసీసీఐగా పిలిచే సంస్థ మూలాలు 1917 నాటివి. దేశస్థాయిలో సీఐఐ తన చరిత్రను 1895 నుంచి లెక్కిస్తుంది. అసోచామ్ 1920లో, ఫిక్కీ 1927లో మొదలయ్యాయి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో విదేశీ వ్యాపార ప్రయోజనాలకు ఎదురుగా భారతీయ వర్తకుల గొంతు వినిపించడానికి ఫిక్కీ వంటి సంస్థ అవసరమైంది.

యజమానులు సంఘటితమైనట్టే కార్మికులూ సంఘటితమయ్యారు. 1936 జూలై 30న పుదుచ్చేరి బట్టల మిల్లు కార్మికులపై కాల్పులు జరిగి 12 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ పోరాటం తరువాతే అక్కడ ఎనిమిది గంటల పనిదినం చట్టంలోకి వచ్చింది. ప్రజాస్వామ్యంలో తమ బాధను, తమ అభిప్రాయాన్ని ప్రభుత్వానికి చెప్పుకునే హక్కు అందరికీ ఉంటుంది. చట్టాల రూపకల్పనను ప్రభావితం చేయడానికి చేసే ఈ ప్రయత్నాన్నే లాబీయింగ్ అంటున్నాం. మన వాడుకలో 'పైరవీ' అనే మాటకు చెడ్డ వాసన అంటుకుంది గాని, చట్టబద్ధంగా, బహిరంగంగా చేసే విన్నపం నేరం కాదు.

మరి చిక్కు ఎక్కడ వస్తుంది? మీ తరగతిలోనే ఒక ఉదాహరణ తీసుకుందాం.

మీ తరగతిలో నలభై మంది ఉన్నారనుకోండి. పరీక్ష అనుకున్న తేదీకే జరగాలని కొందరి కోరిక. ఒక పది మంది మాత్రం చదవలేదు. వాయిదా కోసం వారు లీడరు చుట్టూ తిరుగుతారు. మిగిలినవారికి తేదీ ఎప్పుడైనా ఒకటే కాబట్టి నోరు మెదపరు. లీడరు ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లి, "తరగతి మొత్తం వాయిదా కోరుతోంది సార్" అంటాడు. సాయంత్రం ఇంట్లో అడిగితే మీరు, "నేను సిద్ధంగానే ఉన్నాను, వాళ్లే వాయిదా వేశారు" అంటారు. మీరు అబద్ధం చెప్పలేదు. కానీ మీ పేరు మీద, మీ మౌనం మీద ఆ నిర్ణయం జరిగింది.

వాణిజ్య సంఘాల్లో జరిగేదీ చాలావరకు ఇదే. కొత్త నియమం వల్ల ఎక్కువ నష్టపోయే సభ్యులు కమిటీల్లో చురుకుగా పాల్గొంటారు. కొద్దిపాటి లాభమో నష్టమో ఉండే సభ్యులు పట్టించుకోరు. అందువల్ల సంఘం వైఖరి తరచుగా అందరికంటే వెనుకబడి ఉన్న సభ్యుని నడకకు తగ్గట్టు తయారవుతుంది. చందా మాత్రం అందరూ కడతారు. తిలా పాపం తలా పిడికెడు అన్న సామెత ఇక్కడ చక్కగా అతుకుతుంది.

ఓజోన్ నేర్పిన పాఠం

వాతావరణ మార్పు కంటే ముందు ఓజోన్ పొర విషయంలో ప్రపంచం ఇలాంటి పరిస్థితినే చూసింది. రిఫ్రిజిరేటర్లలోనూ స్ప్రే డబ్బాల్లోనూ వాడే క్లోరోఫ్లోరోకార్బన్లు ఓజోన్ పొరను దెబ్బతీస్తాయని 1974లో మోలినా, రోలండ్ అనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు. ఆ రసాయనాలను తయారుచేసే, వాడే కంపెనీలు 1980లో అమెరికాలో ఒక కూటమిగా ఏర్పడ్డాయి. నియంత్రణలకు అది మొదట అడ్డుచెప్పింది.

1985లో బ్రిటిష్ శాస్త్రవేత్తలు అంటార్కిటికాపై ఓజోన్ బాగా పలచబడినట్టు ప్రకటించారు. 1986లో ఆ కూటమి వైఖరి మార్చుకుని అంతర్జాతీయ పరిమితులను సమర్థించింది. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. ఈ రసాయనాల తయారీలో అగ్రగామి అయిన డ్యూపాంట్ 1988 మార్చిలో తయారీని క్రమంగా ఆపివేస్తానని ప్రకటించింది.

ఇందులో గమనించవలసింది ఏమిటి? సంఘం వైఖరి రాతిమీద చెక్కిన శాసనం కాదు. విజ్ఞానశాస్త్రం బలపడినప్పుడు, ప్రత్యామ్నాయాలు కనిపించినప్పుడు, ముఖ్యమైన సభ్యులు ఆలోచన మార్చుకున్నప్పుడు అది మారగలదు. అయితే వాతావరణం విషయంలో కథ ఇంత సులువుగా సాగలేదు.

లోపల ఒక మాట, బయట ఒక మాట

గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త అరీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. 1958లో చార్లెస్ కీలింగ్ హవాయి ద్వీపంలోని మౌనా లోవా పర్వతం మీద ఆ వాయువును కొలవడం ప్రారంభించినప్పుడు గాలిలో పదిలక్షల భాగాలకు సుమారు 315 భాగాలు ఉండేది. 2024 నాటికి అది 420 దాటింది. 1988లో ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో ఐపీసీసీ అనే శాస్త్రవేత్తల సంఘం ఏర్పడింది.

సరిగ్గా ఆ మరుసటి ఏడాదే, 1989లో, అమెరికాలో 'గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్' పుట్టింది. పేరు చూస్తే వాతావరణాన్ని కాపాడే సంస్థ అనిపిస్తుంది. దాని సభ్యులు చమురు, బొగ్గు, విద్యుత్తు, మోటారు వాహన రంగాల కంపెనీలు, వాటి సంఘాలు. ఉద్గారాలను తప్పనిసరిగా తగ్గించాలనే నిబంధనలను వ్యతిరేకించడం, మానవుల వల్లే భూతాపం పెరుగుతోందన్న శాస్త్ర నిర్ధారణపై అనుమానాలు రేకెత్తించడం దాని ప్రధాన కార్యక్రమంగా ఉండేది.

ఇక్కడ ఒక పత్రం గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. 1995లో ఆ కూటమి సాంకేతిక సలహా బృందం సభ్యుల కోసం ఒక ముసాయిదా తయారుచేసింది. హరితగృహ ప్రభావానికీ, మానవ ఉద్గారాలు వాతావరణంపై చూపగల ప్రభావానికీ ఉన్న శాస్త్రీయ ఆధారం బలమైనదని, దాన్ని కాదనలేమని అందులో ఉంది. ఆ రోజుల్లో ప్రచారంలో ఉన్న కొన్ని ఎదురు వాదనలు నిలబడవని కూడా అందులో రాశారు. ఆ భాగం సభ్యులకు పంపిన తుది ప్రతిలో లేదు. ఒక కోర్టు వ్యాజ్యం కారణంగా వెలుగులోకి వచ్చిన ఈ పత్రం గురించి 2009లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక రాసింది.

సైన్సు విద్యార్థులకు ఇంతకంటే బాధ కలిగించే విషయం ఉండదు. ప్రయోగశాలలో మనం ఏం నేర్చుకుంటాం? పరిశీలన మన అంచనాకు విరుద్ధంగా వస్తే అంచనాను సరిదిద్దుకోవాలని. ఇక్కడ పరిశీలన సరిగ్గానే అర్థమైంది. దాన్ని బయటికి చెప్పే నోరే వేరేగా పలికింది. ద్విభాషి రెండు భాషలు మాట్లాడటం ఒక నైపుణ్యం. రెండు చోట్ల రెండు నిజాలు చెప్పడం వేరే సంగతి.

సభ్యులు ఒక్కొక్కరే బయటికి

1997 వచ్చేసరికి కూటమిలో బీటలు కనిపించాయి. బ్రిటిష్ పెట్రోలియం వైదొలగింది. ఆ సంస్థ అధిపతి జాన్ బ్రౌన్ 1997 మేలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, వాతావరణ మార్పును పట్టించుకోవలసిన సమయం వచ్చిందని బహిరంగంగా అంగీకరించాడు. 1998లో షెల్ తప్పుకుంది. 1999 డిసెంబరులో ఫోర్డ్, 2000 తొలి నెలల్లో డైమ్లర్‌క్రైస్లర్, టెక్సాకో, జనరల్ మోటార్స్ బయటికి వచ్చాయి. 2002లో కూటమి మూతపడింది.

అయితే అప్పటికి జరగవలసింది కొంత జరిగిపోయింది. 1997 డిసెంబరులో కుదిరిన క్యోటో ఒప్పందం నుంచి అమెరికా 2001లో వెనక్కి తగ్గింది. దానికి కారణాలు చాలా ఉన్నాయి. ఒక్క కూటమి మీదే నేరం మోపడం చరిత్రకు న్యాయం కాదు. కాని ఆ పదేళ్ల ప్రచారం ప్రజల మనసుల్లో అనుమానపు విత్తనాలు నాటిందనడంలో సందేహం లేదు.

2009లో మరో సంఘటన జరిగింది. యూఎస్ ఛాంబర్ ఆఫ్ కామర్స్ వాతావరణ వైఖరి నచ్చక పీజీ అండ్ ఈ, ఎక్సెలాన్ వంటి విద్యుత్తు సంస్థలు, ఆ తరువాత యాపిల్ కంపెనీ సభ్యత్వం వదులుకున్నాయి. నైకీ కంపెనీ సభ్యత్వం ఉంచుకుని పాలకమండలి నుంచి మాత్రం తప్పుకుంది. ఈ తేడా గమనించండి. సంఘంతో విభేదించడానికి తలుపు వేసి వెళ్లిపోవడం ఒక్కటే దారి కాదు. ఆ ఛాంబర్ కూడా కాలక్రమంలో మెత్తబడింది. ఉద్గారాల తగ్గింపునకు మార్కెట్ ఆధారిత విధానాన్ని సమర్థిస్తామని 2021లో ప్రకటించింది.

పర్యవేక్షణ ఎలా మొదలైంది?

ఇంతవరకు కంపెనీలు కోపం వచ్చినప్పుడో, పేరు చెడుతుందన్నప్పుడో బయటికి వచ్చాయి. ఒక పద్ధతి ప్రకారం తమ సభ్యత్వాలను పరీక్షించుకోవడం 2015 పారిస్ ఒప్పందం తరువాత ఊపందుకుంది. ఒత్తిడి తెచ్చినవారు ఎక్కువగా వాటాదారులే. వారిలో పింఛను నిధులు ముఖ్యమైనవి. పింఛను నిధి అంటే ముప్ఫై, నలభై ఏళ్ల తరువాత పదవీ విరమణ చేసేవారి డబ్బు. అంత దూరం చూసేవారికి 2050 నాటి సముద్రమట్టం కూడా లెక్కలోకి వస్తుంది.

ఆస్ట్రేలియా గనుల కంపెనీ బీహెచ్‌పీ 2017 డిసెంబరులో తాను సభ్యురాలిగా ఉన్న సంఘాల వాతావరణ వైఖరులను సమీక్షించి నివేదిక ప్రచురించింది. 2018లో ప్రపంచ బొగ్గు సంఘం నుంచి తప్పుకుంది. 2019 ఏప్రిల్‌లో షెల్ 19 సంఘాలను పరిశీలించి, కొన్నింటితో తన వైఖరికి పొంతన లేదని ఒప్పుకుని, అమెరికా ఇంధన శుద్ధి కర్మాగారాల సంఘాన్ని వదిలింది. 2020లో బీపీ కూడా ఆ సంఘాన్ని విడిచింది. 2021 జనవరిలో ఫ్రెంచి సంస్థ టోటల్ అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ నుంచి వైదొలగింది.

కొన్ని కంపెనీలలో యాజమాన్యం వద్దన్నా వాటాదారులు పట్టుబట్టారు. 2020లో షెవ్రాన్ వార్షిక సమావేశంలో వాతావరణ లాబీయింగ్‌పై నివేదిక ఇవ్వాలన్న తీర్మానానికి 53 శాతం ఓట్లు వచ్చాయి. 2021లో ఎక్సాన్ మొబిల్‌లో అలాంటి తీర్మానమే సుమారు 64 శాతం ఓట్లతో నెగ్గింది. 2022 మార్చిలో కొందరు పెట్టుబడిదారులు కలిసి బాధ్యతాయుత వాతావరణ లాబీయింగ్‌కు 14 సూచికలతో ఒక ప్రపంచ ప్రమాణాన్ని విడుదల చేశారు.

ఈ పర్యవేక్షణ ఆచరణలో ఎలా ఉంటుంది? సూత్రం చిన్నదే. దాన్ని అయిదు మెట్లుగా చెప్పుకోవచ్చు.

మొదటి మెట్టు, జాబితా. కంపెనీ ఏయే సంఘాల్లో సభ్యురాలు, ఎంత చందా కడుతోంది, ఏ కమిటీలో ఎవరు కూర్చున్నారు అన్నది రాసుకోవాలి. వినడానికి తేలిక. కాని పది దేశాల్లో పనిచేసే కంపెనీకి తన సభ్యత్వాలన్నీ ఒకచోట పోగుచేయడమే పెద్ద పని.

రెండవ మెట్టు, పోలిక. వాతావరణంపై కంపెనీ ప్రకటించిన వైఖరి ఒకవైపు, సంఘం ప్రభుత్వానికి రాసిన లేఖలు, ఇచ్చిన వినతిపత్రాలు, చేసిన ప్రకటనలు మరొకవైపు పెట్టి చూడాలి. సంఘం వెబ్‌సైటులో ఉన్న మంచి మాటలు చాలవు. ఒక నిర్దిష్టమైన నియమం వచ్చినప్పుడు అది ఏం చెప్పిందన్నదే గీటురాయి.

మూడవ మెట్టు, సంభాషణ. తేడా కనిపిస్తే సంఘం లోపలే మాట్లాడాలి. కమిటీలో అభ్యంతరం నమోదు చేయించాలి. అవసరమైతే "ఈ విషయంలో సంఘం మా తరఫున మాట్లాడటం లేదు" అని బహిరంగంగా చెప్పాలి.

నాలుగవ మెట్టు, గడువు. సంఘం మారకపోతే చందా తగ్గించడం, పాలకమండలి నుంచి తప్పుకోవడం, చివరికి సభ్యత్వం వదలడం. గడువు లేని సంభాషణ కాలయాపన కిందికే వస్తుంది.

అయిదవ మెట్టు, జవాబుదారీ. ఇదంతా ఎవరో ఒక ఉద్యోగి బల్ల సొరుగులో ఉండిపోకూడదు. డైరెక్టర్ల బోర్డులో ఒకరికి బాధ్యత అప్పగించి, ఏటా నివేదికను ప్రజల ముందు పెట్టాలి.

ఈ మెట్లన్నీ ఎక్కినా చిక్కులు పోవు. తన జవాబుపత్రాన్ని తానే దిద్దుకునే విద్యార్థిలా కంపెనీ తన సభ్యత్వాలకు తానే మార్కులు వేసుకుంటుంది. 'పాక్షికంగా సరిపోతోంది' అనే గడిలో చాలా సంఘాలను సర్దేయవచ్చు. అందుకే 2015లో బ్రిటన్‌లో మొదలైన ఇన్‌ఫ్లుయెన్స్‌మ్యాప్ వంటి బయటి సంస్థలు చేసే పరిశీలనకు విలువ పెరిగింది. మరో చిక్కు ఏమిటంటే, మంచి సభ్యులంతా వెళ్లిపోతే సంఘంలో మొండివారే మిగులుతారు. ఉండి మార్చాలా, వెళ్లి చాటాలా? దీనికి అన్నిచోట్లా చెల్లే ఒకే జవాబు లేదు. ఉండటానికి కారణమేమిటో, ఉండి ఏం సాధించారో చెప్పగలిగితే ఉండటం సమర్థనీయం. చెప్పలేకపోతే అది గోడమీది పిల్లివాటం.

మన దేశం సంగతి

అమెరికాలో 1995 నాటి లాబీయింగ్ వెల్లడి చట్టం అమల్లో ఉంది. ఎవరు, ఎవరి తరఫున, ఎంత ఖర్చుతో ప్రభుత్వాన్ని కలుస్తున్నారో నమోదు చేయాలి. మన దేశంలో అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అయితే కొన్ని కిటికీలు తెరుచుకున్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఒకటి. ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న 2014 నాటి కేంద్ర ప్రభుత్వ విధానం మరొకటి.

కంపెనీల వైపు నుంచి చూస్తే, 2011లో కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వ్యాపార బాధ్యతలపై తొమ్మిది సూత్రాలు ప్రకటించింది. వాటిలో ఏడవ సూత్రం మన పాఠానికి సంబంధించినది. ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసేటప్పుడు కంపెనీలు బాధ్యతగా మెలగాలని దాని సారాంశం. 2012లో సెబీ అగ్రశ్రేణి 100 లిస్టెడ్ కంపెనీలకు బాధ్యత నివేదికను తప్పనిసరి చేసింది. తరువాత ఆ సంఖ్య 500కు, ఆపై 1000కి పెరిగింది. 2021 మేలో సెబీ 'బీఆర్‌ఎస్‌ఆర్' అనే కొత్త నమూనా తెచ్చింది. 2022–23 ఆర్థిక సంవత్సరం నుంచి అగ్రశ్రేణి 1000 కంపెనీలకు అది తప్పనిసరి.

ఆ నమూనాలో ఏడవ సూత్రం కింద ప్రతి కంపెనీ తాను ఎన్ని వాణిజ్య, పారిశ్రామిక సంఘాల్లో ఉందో సంఖ్య చెప్పాలి. సభ్యుల సంఖ్య ప్రకారం మొదటి పది సంఘాల పేర్లు రాయాలి. ఇంతవరకు తప్పనిసరి. ఏ ప్రభుత్వ విధానంపై ఏ వైఖరి తీసుకుంది, బోర్డు దాన్ని ఎంత తరచుగా సమీక్షిస్తోంది అన్నవి ఐచ్ఛిక ప్రశ్నలు. ఆ సంఘాల వాతావరణ వైఖరి కంపెనీ లక్ష్యాలకు సరిపోతోందా అన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. అంటే మనం మొదటి మెట్టు ఎక్కాం. రెండవ మెట్టు మీద కాలు పెట్టవలసి ఉంది.

మన దేశంలో ఈ ప్రశ్న ఎంత నిజమైనదో కార్ల పరిశ్రమ చూపిస్తుంది. కారు కిలోమీటరుకు ఎంత కార్బన్ డయాక్సైడ్ వదలవచ్చో కంపెనీవారీ సగటుగా నిర్ణయించే నిబంధనలు 2017లో అమల్లోకి వచ్చాయి. మొదటి దశలో ఆ పరిమితి సుమారు 130 గ్రాములు, 2022లో మొదలైన రెండవ దశలో సుమారు 113 గ్రాములు. మూడవ దశ కోసం 2025 సెప్టెంబరులో వచ్చిన ముసాయిదా 909 కిలోల లోపు బరువుండే చిన్న కార్లకు కొంత వెసులుబాటు ప్రతిపాదించింది. చిన్న కార్లు ఎక్కువగా అమ్మే మారుతి సుజుకి దాన్ని సమర్థించింది. టాటా మోటార్స్, మహీంద్రా వంటి సంస్థలు అభ్యంతరం చెప్పాయి. వీరంతా సియామ్ అనే ఒకే సంఘం సభ్యులు. ఎవరి వాదన సరైనదో ఇక్కడ తేల్చబోవడం లేదు. ఒకే సంఘంలో ఉన్నంత మాత్రాన అందరి ప్రయోజనం ఒకటి కాదన్నదే పాఠం. ఇక్కడ భేదం బయటపడింది కాబట్టి మనకు తెలిసింది. బయటపడని భేదాలు ఎన్నో!

సంఘాలంటే అడ్డుపుల్ల వేసేవే అనుకోకండి. హైదరాబాదులో సీఐఐ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పిరోజ్‌షా గోద్రెజ్ ఫౌండేషన్ కలిసి నిర్మించిన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల లీడ్ ప్లాటినం గుర్తింపు పొందిన తొలి భవనం అదే. పర్యావరణహిత భవనాల ఉద్యమం మన దేశంలో వేళ్లూనుకోవడానికి అక్కడి కృషి తోడ్పడింది. ఒక వాణిజ్య సంఘం తలచుకుంటే సభ్యులను ముందుకు నడిపించగలదు కూడా. అందుకే దాన్ని గమనించడం అవసరం.

సముద్రం పక్కన నిలబడి

మళ్లీ పుదుచ్చేరికి వద్దాం. పట్టణపు సముద్రతీర రహదారి పక్కన ఇసుకకు బదులు నల్లరాళ్ల గుట్ట కనిపిస్తుంది. అది చూడగానే "వాతావరణ మార్పు వల్ల సముద్రం ముందుకొచ్చింది" అని చాలామంది అంటారు. తొందరపడకండి. అక్కడి ఇసుకతీరం కరిగిపోవడానికి ప్రధాన కారణం 1980లలో కట్టిన ఓడరేవు అడ్డుగోడలు. తీరం వెంబడి ఉత్తరంగా ప్రయాణించే ఇసుకను అవి ఆపేశాయి. 2018లో చెన్నైకి చెందిన జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ నీటి అడుగున ఒక కృత్రిమ దిబ్బ ఏర్పాటు చేశాక కొంత ఇసుక తిరిగి వచ్చింది. కంపెనీలను నిజం చెప్పమని అడిగే మనం కూడా ప్రతి నష్టాన్నీ వాతావరణ ఖాతాలో రాయకూడదు.

అలాగని ముప్పు లేదని కాదు. 2011 డిసెంబరు 30న థానే తుఫాను పుదుచ్చేరి, కడలూరుల మధ్య తీరం దాటింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను వచ్చినప్పుడు పుదుచ్చేరిలో ఒక్కరోజులో 48 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. ఒక తుఫానును పట్టుకుని ఇది భూతాపం వల్లే పుట్టిందని చెప్పలేం. కాని గాలి వేడెక్కితే అందులో నీటి ఆవిరి ఎక్కువ పడుతుందని మీ భౌతికశాస్త్ర పుస్తకమే చెబుతుంది. ఒక్కో డిగ్రీ సెల్సియస్‌కు సుమారు 7 శాతం ఎక్కువ. పెరుగుతున్న సముద్రమట్టం మీద వచ్చే ఉప్పెన మరింత లోపలికి వస్తుంది. ఇసుక అడ్డం లేని తీరానికి ఆ దెబ్బ ఇంకా గట్టిగా తగులుతుంది. గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం కూడా ఇదే కేంద్రపాలిత ప్రాంతంలో భాగమని మరచిపోకండి. ఎక్కడో ఒక సమావేశ మందిరంలో సంఘం ప్రతినిధి సంతకం చేసిన వినతిపత్రానికీ, యానాంలో నీళ్లు చేరిన ఇంటికీ మధ్య దారం చాలా పొడవు. కాని దారం ఉంది.

మీరు చేయదగిన పని

ఈ పాఠాన్ని పరీక్షకు చదివి వదిలేయకండి. మీ ఊరికి దగ్గరలో ఉన్న ఒక సిమెంటు, ఉక్కు, విద్యుత్తు, మందుల లేదా వాహన కంపెనీని ఎంచుకోండి. అది లిస్టెడ్ కంపెనీ అయితే వార్షిక నివేదిక ఉచితంగా దొరుకుతుంది. అందులో బీఆర్‌ఎస్‌ఆర్ భాగం తెరిచి ఏడవ సూత్రం వద్దకు వెళ్లండి. సంఘాల పేర్లు రాసుకోండి. ఆరవ సూత్రం పర్యావరణానికి సంబంధించినది. కంపెనీ ఉద్గారాల వివరాలు అక్కడ ఉంటాయి. తరువాత ఆ సంఘాలు గత రెండేళ్లలో ఇంధనం, ఉద్గారాలు, బొగ్గు, కార్లపై ఏం మాట్లాడాయో పత్రికల్లో వెతకండి. రెండు నిలువు గీతలు గీసి ఒకవైపు కంపెనీ మాట, మరొకవైపు సంఘం మాట రాయండి. మూడవ గడిలో మీకు కనిపించిన తేడా రాయండి. తేడా లేకపోతే లేదనే రాయండి. అది కూడా ఫలితమే.

ఆ తరువాత ఈ ప్రశ్నలు మీ తరగతిలో చర్చించండి. సంఘం తప్పుగా మాట్లాడితే సభ్యుడు ఎంతకాలం ఓపిక పట్టాలి? మౌనం అంగీకారమేనా? సెబీ నమూనాలో ఒక్క ప్రశ్న అదనంగా చేర్చే అవకాశం మీకు ఇస్తే ఏ ప్రశ్న చేరుస్తారు?

రేపు మీలో కొందరు ఇంజనీర్లుగా, గణకులుగా, మేనేజర్లుగా ఇలాంటి కంపెనీల్లోనే పనిచేస్తారు. ఏదో ఒకరోజు సంఘం నుంచి ఒక ముసాయిదా లేఖ మీ బల్ల మీదికి వస్తుంది. "అభ్యంతరం లేకపోతే జవాబు అక్కరలేదు" అని దాని అడుగున ఉంటుంది. ఆ రోజు ఆ లేఖను చివరిదాకా చదవండి. మీ పేరు మీద ద్విభాషి ఏం చెప్పబోతున్నాడో తెలుసుకోండి. అది మీ కంపెనీ మాట కాకపోతే, కాదని రాసి పంపండి.